మిగిలిన నాలుగు పోగులు

వెన్నుపాము దెబ్బతిన్నవారిని మళ్లీ నడిపించిన ప్రయోగాలు వార్తల్లో అద్భుతాలుగా వస్తుంటాయి. వాటన్నిటినీ వరసపెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. ఇప్పటిదాకా వేసిన అడుగుల్లో ఎక్కువ భాగం, గాయంలో చావకుండా మిగిలిన నరాల పుణ్యమే.

సెకనుకు 20 సెంటీమీటర్లు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2018లో వెల్లడించిన ఒక యువకుడి నడక వేగం ఇది. మంచు మీద నడిపే బండి ప్రమాదంలో 2013లో అతని వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ మధ్య నుంచి కిందికి స్పర్శ పోయింది, కదలిక పోయింది. వెన్నులో ఎలక్ట్రోడ్లు అమర్చి, 43 వారాల్లో 113 విడతలు సాధన చేయించాక, ముందు చక్రాలున్న వాకర్ పట్టుకుని, పక్కన మనుషుల సాయంతో అతను నడవగలిగిన అత్యధిక దూరం 102 మీటర్లు. మామూలు మనిషి సెకనుకు మీటరుకు పైనే నడుస్తాడు. ఈ యువకుడు 10 మీటర్ల రోడ్డు దాటాలంటే 50 సెకన్లు కావాలి. కరెంటు ఆపితే ఆ అడుగులూ ఆగిపోతాయి. పత్రికల శీర్షికల్లో మాత్రం ఇవేవీ కనిపించలేదు. కాళ్లు పడిపోయినవాడు లేచి నడిచాడన్న ఒక్క ముక్కే ప్రపంచమంతా తిరిగింది.

ఆ ముక్కలో అబద్ధమేమీ లేదు. ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అని పిలిచే ప్రాచీన ఈజిప్టు వైద్యగ్రంథం సుమారు 3,600 ఏళ్ల నాటిది. మెడ పూస తప్పి కాళ్లూ చేతులూ తెలియకుండా పోయినవారికి వైద్యం చేయవద్దని అందులో రాసి ఉంది. అక్కడి నుంచి 102 మీటర్ల దాకా రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ యువకుడు ఎలా నడిచాడని అడిగేవాళ్లు తక్కువ. వెన్నుపాము గాయాల మీద పరిశోధన కొన్ని దశాబ్దాలుగా రెండు దారుల్లో సాగుతోంది. తెగిన నరాలను మళ్లీ మొలిపించి అతికించాలన్నది ఒకటి. గాయం తరవాత మిగిలిన నరాలను మేల్కొలిపి, సాధనతో వాటికి పని నేర్పాలన్నది రెండోది. మనుషుల మీద జరిగిన ప్రయోగాలను పక్కపక్కన పెడితే, ఇంతవరకు నిలకడగా అడుగు వేయించింది ప్రధానంగా రెండో దారేనని కనిపిస్తుంది. ఇది ప్రయోగశాలల్లో తేల్చుకుని ఊరుకునే సంగతి కాదు. ప్రమాదం జరిగిన ఇంట్లో మొదటి ఏడాది డబ్బూ, ఓపికా, ఆశా దేనిమీద పెట్టాలన్నది దీన్నిబట్టే ఉంటుంది.

నలిగిన తాడు

వెన్నుపాము అనగానే చాలామందికి కరెంటు తీగ గుర్తొస్తుంది. తీగ తెగింది, దీపం ఆరింది, అతికిస్తే మళ్లీ వెలుగుతుంది. ఈ పోలిక దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత మందం ఉంటుంది. ప్రమాదంలో అది కత్తితో కోసినట్టు రెండు ముక్కలు కావడం అరుదు. విరిగిన పూస దాన్ని నొక్కేస్తుంది, అది నలుగుతుంది. ఆ తరవాత గంటల్లో, రోజుల్లో వాపు వస్తుంది. లోపల రక్తం చిమ్ముతుంది. రక్తం అందక చుట్టుపక్కల కణాలూ చస్తాయి. మొదటి దెబ్బకన్నా ఈ రెండో దెబ్బ పెద్దదవుతుంది. చివరికి నడిమధ్యలో నీటితిత్తి, దాని చుట్టూ మచ్చ మిగులుతాయి. అయినా అంచుల్లో పలుచని పొర బతికి ఉండటం తరచూ కనిపిస్తుంది. బండి చక్రం కింద పడి నలిగిన కొబ్బరితాడులో నాలుగు పోగులు నిలిచినట్టు. కాళ్లలో స్పర్శ, కదలిక బొత్తిగా లేవని, గాయం సంపూర్ణమని కేసు షీటులో రాసినవారిలో కూడా కొన్ని పోగులు గాయాన్ని దాటి వెళ్తున్నట్టు శవపరీక్షల్లోనూ, విద్యుత్ పరీక్షల్లోనూ తేలింది. అవి బతికే ఉంటాయి. కాలు కదిలించేంత బలం మాత్రం వాటికి ఉండదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. కోడిని కోసినప్పుడు మెడ తెగాక కూడా కాళ్లు టకటకా కొట్టుకోవడం మనవాళ్లు చూడనిది కాదు. తల లేకపోయినా కాళ్లను ఆడిస్తున్నది వెన్నుపాము. స్కాట్లాండ్‌కు చెందిన థామస్ గ్రాహమ్ బ్రౌన్ 1911లో పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో, మెదడుతో సంబంధం తెంచినా, కాళ్ల నుంచి కబురు రాకపోయినా, నడకలోని లయను వెన్నుపామే పుట్టించగలదని చూపించాడు. ఏ కండరం ఎప్పుడు బిగియాలి, ఏది ఎప్పుడు వదలాలి అన్న లెక్క చాలామటుకు నడుం దగ్గర, వెన్నుపాము కింది భాగంలో ఉంటుంది. నడవమని, ఆగమని, ఇటు తిరగమని చెప్పడం మెదడు పని. గాయాల్లో ఎక్కువ భాగం మెడ దగ్గరో ఛాతీ దగ్గరో తగులుతాయి కాబట్టి ఆ కింది భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. మేస్త్రి కబురు అందక పనిముట్లు పక్కన పెట్టుకుని కూర్చున్న కూలీల్లాంటి పరిస్థితి అది. పని వచ్చిన మనుషులు అక్కడే ఉన్నారు. కబురు తెచ్చే దారి సన్నబడింది.

అతికించే దారి

ఈ దారిలో నడిచినవాళ్లు తక్కువవాళ్లు కాదు. పెద్దవాళ్ల మెదడులో, వెన్నుపాములో తెగిన నరం మళ్లీ పెరగదన్నది స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ కాలం నుంచి పాతుకుపోయిన అభిప్రాయం. 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఆ అభిప్రాయాన్ని కదిలించారు. ఎలుకల్లో కాలి నరం ముక్కను వెన్నుపాముకు వంతెనలా వేస్తే అందులోకి నరాలు సెంటీమీటర్ల పొడవున పెరిగాయి. అంటే నరానికి పెరిగే శక్తి ఉంది, వెన్నుపాములోని వాతావరణమే దాన్ని ఆపుతోంది. ఆపేవాటిలో ముఖ్యమైన ప్రొటీన్‌ను జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం పట్టుకుంది. దాని పేరు నోగో. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఎలుకలూ, కోతులూ కోలుకున్నాయి. ఆ మందును కొత్తగా మెడ దగ్గర గాయపడిన 126 మంది మీద యూరప్‌లో పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు. ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే చేతుల బలంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మేలు జరిగిన జాడలు కనిపించింది గాయం అసంపూర్ణంగా ఉన్నవారిలో, అంటే కొన్ని పోగులు అప్పటికే మిగిలి ఉన్నవారిలో.

మూలకణాల కథా ఇంచుమించు ఇంతే. పిండం నుంచి తీసిన మూలకణాలతో తయారుచేసిన కణాలను అమెరికాలో జెరాన్ కంపెనీ 2010లో మొదటిసారి వెన్నుపాము గాయమైన మనిషికి ఎక్కించింది. ఏడాది తిరిగేసరికి ఖర్చు భరించలేక ఆ ప్రయోగాన్నే ఆపేసింది. రోగి ఎముక మజ్జ కణాలను పెంచి రక్తంలోకి ఎక్కించే చికిత్సకు జపాన్ 2018లో షరతులతో అనుమతి ఇచ్చింది. దానికి ఆధారం 13 మంది మీద జరిగిన ప్రయోగం. పోల్చి చూడటానికి చికిత్స తీసుకోని గుంపే అందులో లేదు. శాస్త్రలోకంలో దానిమీద పెద్ద దుమారం లేచింది. టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయం 2025 మార్చిలో మరో ఫలితం ప్రకటించింది. గాయమైన కొద్ది వారాలకే నలుగురికి, మనిషికి 20 లక్షల చొప్పున, ఐపీఎస్ అనే రకం మూలకణాల నుంచి తయారైన నాడీకణాలను ఎక్కించారు. ఒకరు సాయం లేకుండా నిలబడి నడక సాధన మొదలుపెట్టారు. ఇంకొకరిలో కొంత కదలిక వచ్చింది. మిగతా ఇద్దరిలో పెద్ద మార్పు లేదు. ఆశపడదగ్గ ఫలితమే. అయితే గాయం సంపూర్ణమని మొదట తేల్చినవారిలో కూడా సుమారు 5 మందిలో ఒకరు ఏ ప్రత్యేక చికిత్సా లేకుండానే తొలి ఏడాదిలో ఎంతో కొంత మెరుగుపడతారు. నలుగురిలో ఒకరు లేచి నిలబడితే ఆ ఘనత కణాలదో, కాలానిదో తేల్చడానికి ఈ సంఖ్య చాలదు.

ముక్కులోని కణాల కథ అన్నిటికన్నా విచిత్రం. వాసన పట్టే నరాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి. వాటికి దారి చూపే కణాలను వెన్నులో పెడితే అక్కడా నరాలు మొలుస్తాయన్నది లండన్ శాస్త్రవేత్త జెఫ్రీ రైస్మన్ ఆలోచన. 2010లో కత్తిపోట్లకు గురైన పోలండ్ దేశస్థుడు డారెక్ ఫిడికాకు 2012లో అలాంటి కణాలు ఎక్కించి, 8 మిల్లీమీటర్ల ఖాళీ మీద చీలమండ నుంచి తీసిన నరం ముక్కలు పరిచారు. అతను కాళ్లకు ఊత పట్టీలు కట్టుకుని, ఫ్రేము పట్టుకుని అడుగులు వేశాడు. అతికించే దారికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు, దాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. కానీ అది ఒక్క మనిషి కథ. శస్త్రచికిత్సకు ముందూ తరవాతా అతను నెలల తరబడి కఠోరమైన వ్యాయామం చేశాడు. దిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ వైద్యులు ముక్కు పొరను వెన్నులో నాటే పద్ధతిని అయిదుగురి మీద పరీక్షించి, ప్రమాదం పెద్దగా లేదని, ప్రయోజనమూ కనిపించలేదని 2009లో దాపరికం లేకుండా ప్రచురించారు. పోర్చుగల్‌లో ఇదే రకం చికిత్స చేయించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తరవాత వెన్నులో గడ్డ బయటపడింది. కోసి చూస్తే లోపల చీమిడిలాంటి జిగట ద్రవం. ముక్కు నుంచి తెచ్చిన కణాలు వెన్నులోనూ ముక్కు పనే చేశాయి.

మేల్కొలిపే దారి

రెండో దారి వెనక అంత గొప్ప ఊహ ఏమీ లేదు. దీర్ఘకాలపు నడుంనొప్పి తగ్గించడానికి వెన్నుపాము పైపొర మీద అమర్చే 16 ఎలక్ట్రోడ్ల పలక అప్పటికే బజారులో ఉంది. అమెరికాలోని లూయివిల్‌లో సుజాన్ హర్కెమా, లాస్ ఏంజెలెస్‌లో రెగీ ఎడ్జర్టన్ బృందాలు దాన్ని నడుం దగ్గరి వెన్నుపాము మీద అమర్చి చూశాయి. మొదటి మనిషి రాబ్ సమర్స్, బేస్‌బాల్ ఆటగాడు, 2006లో కారు గుద్దడంతో గాయపడ్డాడు. పలక అమర్చడానికి ముందు అతనితో 26 నెలల్లో 170 విడతలు నడక సాధన చేయించారు. ఫలితం సున్నా. అమర్చి కరెంటు ఇచ్చాక తన బరువు తానే మోస్తూ నాలుగు నిమిషాలకు పైగా నిలబడ్డాడు. కొన్ని నెలల తరవాత, పరికరం పనిచేస్తున్నంతసేపు, అనుకున్నప్పుడు కాలివేళ్లూ, చీలమండా కదిలించగలిగాడు. 2011లో ఈ ఫలితం వచ్చినప్పుడు పరిశోధకులే ఆశ్చర్యపోయారు. నిలబడటం వెన్నుపాము పని అనుకోవచ్చు. అనుకున్నప్పుడు కాలివేలు కదలాలంటే మాత్రం మెదడు నుంచి కబురు ఎలాగోలా గాయం దాటి రావాలి. కదలిక విషయంలో సంపూర్ణమన్న గాయంలో దారి ఇంకా తెరిచే ఉంది.

ఆ కరెంటు కండరాలను లాగుతుందనుకుంటే పొరపాటు. కాళ్ల నుంచి వెన్నుపాములోకి స్పర్శ, భంగిమల సమాచారం తెచ్చే నరాలను అది తట్టిలేపుతుంది. దాంతో కింది యంత్రాంగం మగత వదిలి సిద్ధంగా ఉంటుంది. మిగిలిన పోగుల గుండా వచ్చే బలహీనమైన కబురు కూడా అప్పుడు వినబడుతుంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రెగ్వార్ కూర్టీన్, శస్త్రచికిత్స నిపుణురాలు జోస్లీన్ బ్లాక్ ఇక్కడొక చిక్కు కనిపెట్టారు. కరెంటు ఆగకుండా ఇస్తే, కాలు ఎక్కడుందో చెప్పే కబురు మనుషుల్లో ఆ హోరులో మునిగిపోతోంది. అందుకే కుడికాలు లేవాల్సిన క్షణంలో కుడివైపు, మోపాల్సిన క్షణంలో మరోచోట, అడుగు లయకు తగినట్టు కరెంటు ఇచ్చారు. 2018లో ముగ్గురు వారం రోజుల్లోనే అడుగులు వేశారు. నెలల సాధన తరవాత వారిలో కొందరు కరెంటు ఆపినా కాళ్లు కొంత కదిలించగలిగారు. అదే ఏడాది లూయివిల్‌లో నలుగురిలో ఇద్దరు నేల మీద నడిచారు. ఒకరికి 85 వారాల్లో 278 విడతల సాధన పట్టింది, ఇంకొకరికి 15 వారాల్లో 81 విడతలు. సాధన మధ్యలో ఒకరికి తుంటి ఎముక విరిగింది.

ఆ తరవాతి మెట్లు వేగంగా పడ్డాయి. 2022లో లోజాన్ బృందం ఛాతీ కింద కదలిక లేని ముగ్గురి చేత, కాళ్లకూ పొట్టకూ సరిపడేలా కొత్తగా తీర్చిదిద్దిన పలకతో ఒక్కరోజులోనే అడుగు వేయించింది. 2023లో నెదర్లాండ్స్‌కు చెందిన గెర్ట్-యాన్ ఓస్కామ్ కథ వచ్చింది. 2011లో సైకిల్ ప్రమాదంలో అతని మెడ దెబ్బతింది. కపాలంలో రెండు గుండ్రటి పరికరాలు పెట్టి, నడవాలన్న తలపును మెదడు మీదే పట్టి, గాలిలో సంకేతంగా వెన్నులోని పలకకు పంపారు. అతను అనుకున్నప్పుడు అడుగు పడింది. మెట్లు ఎక్కాడు. సాధన తరవాత పరికరం ఆపేసినా ఊతకర్రలతో కొన్ని అడుగులు వేయగలిగాడు. రెండు పరికరాల్లో ఒకదాన్ని ఇన్‌ఫెక్షన్ వల్ల తీసేయాల్సి వచ్చింది. 2024 చివర్లో అదే బృందం మెదడు లోతుల్లో హైపోథాలమస్ పక్కభాగాన్ని కరెంటుతో తట్టి, అసంపూర్ణ గాయమున్న ఇద్దరి నడకను మెరుగుపరిచింది. ఇక్కడ కొత్త నరం ఎవరూ నాటలేదు. మిగిలిన పోగులకు పైనుంచి బలం పోశారు, అంతే.

ఎదురు ప్రశ్నలు

ఇదంతా తోలుబొమ్మలాట కాదా, యంత్రం తాడు లాగితే కాలు లేస్తోంది కదా అని అడగవచ్చు. తోలుబొమ్మ అయితే తాడు వదలగానే కూలిపోవాలి. సాధన చేసినవారిలో కొందరు కరెంటు లేకుండానే కొంత కదలిక తిరిగి తెచ్చుకున్నారు. పైగా లోజాన్ బృందం 2022లో 9 మందిని గమనించినప్పుడు వింత సంగతి కనిపించింది. సాధన సాగేకొద్దీ నడిచేటప్పుడు నడుం దగ్గరి వెన్నుపాములో చురుకయ్యే కణాల పని పెరగలేదు, తగ్గింది. కొత్తగా సైకిల్ నేర్చుకునేవాడు ఒళ్లంతా బిగబట్టి, నేర్చాక తేలిగ్గా తొక్కినట్టు, వెన్నుపామూ అనవసరపు శ్రమ వదిలి పని నేర్చుకుంటోంది. ఇది బొమ్మ లక్షణం కాదు, విద్యార్థి లక్షణం.

కణచికిత్సల్లో సంఖ్య చాలదని తప్పుపట్టి, ఇక్కడ ముగ్గురు, నలుగురు, ఒకరు అంటే ఎలా ఒప్పుకుంటారన్నది ఇంకా గట్టి ప్రశ్న. న్యాయమైనది కూడా. వీటిలోనూ ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన పెద్ద ప్రయోగం నడక విషయంలో ఇంకా కొరవే. తేడా ఒక్కచోట ఉంది. తాజా గాయంలో కణాలు ఎక్కిస్తే సహజంగా కోలుకోవడాన్ని విడదీయలేం. కరెంటు పలక అమర్చిన వీరిలో చాలామందికి గాయమై ఏళ్లు గడిచాయి, సహజంగా కోలుకునే కాలం దాటిపోయింది. స్విచ్ వేస్తే అడుగు పడుతుంది, ఆపితే ఆగుతుంది. అదే మనిషి, అదే గది, అదే పూట. తనకు తానే పోలిక. కనుక కరెంటు పనిచేస్తోందా అన్నది తేలిపోయింది. ఎంతమందిలో, ఎంతకాలం, ఎంత మేలు అన్నది తేలాల్సి ఉంది.

అసలు నడకే ఎందుకు, చక్రాల కుర్చీలో గౌరవంగా బతికే ఏర్పాట్లు చేస్తే చాలదా అన్నది బాధితుల నుంచే వచ్చే ప్రశ్న. 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఏది తిరిగొస్తే జీవితం బాగుపడుతుందని 681 మందిని అడిగారు. మెడ దగ్గర గాయపడినవారు చేతుల పనికి మొదటి స్థానం ఇచ్చారు. నడుం కింద చచ్చుబడినవారు లైంగిక జీవితానికి ఇచ్చారు. మూత్రం, మలం మీద అదుపు ఇద్దరికీ ముఖ్యమే. నడక అందరి జాబితాలోనూ ఉంది, తలమానికంగా మాత్రం లేదు. ఈ అభ్యంతరం మేల్కొలిపే దారిని బలపరుస్తుంది. సమర్స్‌కు నిలబడటంతో పాటు మూత్రాశయం మీద కొంత అదుపు, లైంగిక సామర్థ్యం మెరుగయ్యాయి. ఇదే పద్ధతితో రక్తపోటు పడిపోకుండా నిలిపిన ఫలితాలూ ఉన్నాయి. శస్త్రచికిత్స లేకుండా మెడ చర్మం మీద నుంచే కరెంటు ఇచ్చే పరికరాన్ని 60 మంది మీద పరీక్షించారు. ముందు రెండు నెలలు ఉత్త వ్యాయామం, తరవాత రెండు నెలలు వ్యాయామంతో పాటు కరెంటు. 72% మందిలో చేతుల బలం, పనితనం మెరుగయ్యాయి. ఆ పరికరానికి అమెరికా నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఒక పిడికిలి బిగిస్తే చెంచా పట్టుకోవచ్చు, ఫోను నొక్కవచ్చు, కుర్చీ తోసుకోవచ్చు. 102 మీటర్ల నడక కన్నా ఆ పిడికిలి విలువ రోజువారీ బతుకులో ఎక్కువే.

రేపు కణచికిత్స గెలిస్తే ఈ వాదన ఏమవుతుందంటారా? గెలవాలనే కోరుకోవాలి. నోగో యాంటీబాడీ ప్రయోగంలో కనిపించిన జాడ నిజమైతే, రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. అప్పుడు కూడా కొత్తగా మొలిచిన నరానికి ఏ కండరం దగ్గరికి వెళ్లాలో, అక్కడ ఏం చెప్పాలో తెలియదు. అది సాధన వల్లే తెలుస్తుంది. నాటిన మొక్కకు దడి కట్టినట్టు మొలిచిన నరానికి వ్యాయామం కావాలి. కణం గెలిచినా సాధన లేకుండా అడుగు పడదు.

మన ఇళ్లలో

ఇవన్నీ లోజాన్‌లోనో లూయివిల్‌లోనో జరిగేవి, మనకెందుకన్నది చివరి ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం 1.5 కోట్ల మందికి పైగా వెన్నుపాము గాయాలతో బతుకుతున్నారు. మన దేశంలో రోడ్డు ప్రమాదాలతో పాటు ఎత్తు నుంచి పడటం పెద్ద కారణం. తెలుగు నేల మీద ఎత్తు అంటే తాటిచెట్టు, ఈతచెట్టు, కడుతున్న భవనం. మోకు జారి పడిన గీత కార్మికుడి కుటుంబానికి కాళ్లు పోవడమంటే కూడు పోవడమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టెక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ ఎలక్ట్రోడ్ కన్నా ఆ కిట్టు చవక, మేలు. పడ్డాక కూడా మొదటి గంటలు కీలకమైనవి. మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో మడిచి కూర్చోబెడితే, మిగలాల్సిన పోగులు కూడా అక్కడే తెగుతాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ విలువ ఇక్కడ తెలుస్తుంది. మెడ కదలకుండా బల్ల మీద పడుకోబెట్టి తీసుకెళ్లడం కూడా నడక చికిత్సలో భాగమే. మెడ దగ్గర గాయపడిన 313 మంది మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. 24 గంటల్లోపు ఒత్తిడి తొలగించే ఆపరేషన్ జరిగినవారు, ఆలస్యమైనవారికన్నా మెరుగ్గా కోలుకున్నట్టు అది చూపించింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఫిజియోథెరపీ రోజూ జరగాలి, మెల్లగా సాగుతుంది, దాన్ని చూస్తే వీడియో తీయాలనిపించదు. మూలకణాల ఇంజెక్షన్ ప్రకటన మాత్రం ఫోనులో కళ్లు చెదిరేలా వస్తుంది. ఎకరం అమ్మి ఇంజెక్షన్ చేయించాలన్న ఆలోచన వచ్చే చోటు ఇదే. ఎవరి ఆశనూ వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. అయితే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాలతో చేసేదేదైనా అనుమతి ఉన్న ప్రయోగంలో భాగంగానే జరగాలి. రోగికి దాన్ని మామూలు చికిత్సలా అమ్మకూడదు. కాబట్టి డబ్బు అడిగినవాళ్లను కుటుంబం మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరేది? ప్రయోగమైతే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు? ఈ చికిత్స తీసుకోనివారితో పోల్చి చూసిన ఫలితం ఎక్కడ? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, ఆ ఎకరం ఇంట్లోనే ఉండటం మంచిది.

మరి పేదవాడికి ఏం మిగిలిందంటే, పెద్ద పరికరం లేకుండానే చాలా మిగిలింది. కొత్తగా గాయపడిన 146 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును పట్టీలతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద, ఇంకో గుంపును నేల మీదే పాత పద్ధతిలో నడిపించిన ప్రయోగం 2006లో వెలువడింది. రెండు గుంపులకూ తేడా రాలేదు. ఖరీదైన యంత్రంతో సమానంగా నేల మీది క్రమమైన సాధన పనిచేసింది. ఇంగ్లండ్‌లో 1944లో లుడ్విగ్ గుట్‌మన్ స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఈ రోగుల ప్రాణాలు నిలిపింది కూడా కొత్త మందుతో కాదు. రెండు గంటలకోసారి ఒళ్లు తిప్పి పడుకోబెట్టడం, మూత్రం నిలవకుండా చూడటం, కుర్చీలో కూర్చోబెట్టి ఆటలు ఆడించడం. మన పక్కనే వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954 ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయి, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, 1966లో సీఎంసీ ఆధ్వర్యంలో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. అలాంటి కేంద్రం ప్రతి జిల్లాకూ ఒకటి ఉండాలని అడగటం గొంతెమ్మ కోరిక కాదు.

లూయివిల్‌లో విరిగిన ఆ తుంటి ఎముక దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్దాం. బరువు మోయని కాలి ఎముక ఏళ్ల తరబడి పలచబడుతుంది. కదపని చీలమండ బిగుసుకుపోయి పాదం కిందికి వంగిపోతుంది. ఒళ్లు తిప్పకపోతే పిరుదుల మీద పుండు పడుతుంది. మానని పుండు, బిగిసిన కీలు, మాటిమాటికీ వచ్చే మూత్రపు ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిని ఇలాంటి ప్రయోగాల్లోకి సాధారణంగా తీసుకోరు. రేపు ఆ పలక హైదరాబాద్‌లోనో విశాఖలోనో చౌకగా దొరికినా, అది లేపాల్సింది ఈ పాదాన్నే. అందుకని పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, ఒక చేత్తో మడమ పట్టుకుని, ఇంకో చేత్తో పాదాన్ని పైకి వంచి కాసేపు అలాగే నొక్కి ఉంచే అమ్మో, భార్యో, తమ్ముడో చేస్తున్నది ఊరికే కాలక్షేపం కాదు. లోజాన్‌లో వేసిన అడుగు కూడా అలాంటి ఒక మడమ మీదే పడింది.